ఒకే నమూనా – వేరు వేరు గొంతులు

ఒకే వడ్రంగి ఒకే పనసమాను నుండి రెండు వీణలు చెక్కినను ఆ రెండింటి నాదము సరిగా ఒక్కటియై యుండదు. ఈ మాట విని యెవ్వరును ఆశ్చర్యపడరు. కొయ్య నేలలో పుట్టి పెరిగిన వస్తువు. దాని పొరలు ఒకచోట దట్టముగను, మరియొకచోట పలుచగను ఉండుట సహజము. కాని కర్మాగారములో ఒకే పటము ననుసరించి, ఒకే కొలతలు గల భాగములను కూర్చి, ఒకే పేరు పెట్టి పంపిన రెండు విద్యుత్పరికరములు రెండు విధములుగా పలికినచో దానికి కారణమేమి? పటము ఒకటి, పేరు ఒకటి, వెలయు నొకటియే. ధ్వని మాత్రము రెండు! గిటారు వాయించు సంగీతజ్ఞులను చిరకాలముగా ఆలోచింపజేయుచున్న ప్రశ్న యిది. దీనికి సమాధానము వెదకినచో విద్యుచ్ఛాస్త్రమునకు సంబంధించిన పెక్కు విషయములు తెలియగలవు.

కెనడా దేశమున జన్మించిన నీల్ యంగ్ ప్రసిద్ధుడైన గాయకుడు, గిటారు వాద్యకారుడు. ఆయన తన యౌవనమున, 1967వ సంవత్సరములో, అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున ఒక పాత ధ్వనివర్ధకమును కొనెను. ధ్వనివర్ధకమనగా గిటారు పుట్టించు సన్నని విద్యుత్తును బలపరచి పెద్ద ధ్వనిగా మార్చు యంత్రము; దీనినే ఆంప్లిఫయరు అందురు. ఆయన కొన్నది ఫెండరు అను సంస్థ 1959లో తయారుచేసిన ‘డీలక్స్’ అను నమూనా. అది ఒక మనిషి చేతితో పట్టుకొని పోదగిన చిన్న పెట్టె. దానిపై ఏటవాలు చారలు గల ముతక నూలుగుడ్డ అంటించియుండును. దాని ధ్వని ఆయనకు మిక్కిలి నచ్చెను. అటుపిమ్మట అదే నమూనాకు చెందిన పెట్టెలను ఆయన అనేకము సేకరించెను. అయినను వానిలో నొక్కటియు మొదటిదానివలె పలుకలేదని ఆయనయే చెప్పియున్నాడు. అర్ధశతాబ్దమునకు పైగా ఆ మొదటి పెట్టెనే ఆయన కచేరీలలో ఉపయోగించుచు వచ్చెను.

ఆ పెట్టెలో నేదైన మంత్రమున్నదా? లేదు. అందులో నున్నవి కొన్ని వాల్వులు, కొన్ని నిరోధకములు, కొన్ని కండెన్సర్లు, రెండు ట్రాన్స్‌ఫార్మరులు, ఒక స్పీకరు. ఒక్కొక్కటి చేయు పనిని తెలిసికొన్నచో చిక్కుముడి క్రమముగా విడిపోవును.

విద్యుత్ గిటారు తీగలను ఉక్కుతో చేయుదురు. వాని క్రింద అయస్కాంతమును, దాని చుట్టును సన్నని రాగితీగ చుట్టను అమర్చుదురు. ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంతక్షేత్రము చలించి రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. దాని బలము సాధారణముగా ఒక వోల్టులో కొద్ది భాగము మాత్రమే. అంత స్వల్పమైన విద్యుత్తు స్పీకరును కదలింపజాలదు. దానిని మెట్టుమెట్టుగా పెంచుటయే ధ్వనివర్ధకము చేయు పని.

ఈ పెంచు పనిని నిర్వహించునవి వాల్వులు. అమెరికాలో వీనిని ట్యూబులందురు. 1904లో ఇంగ్లండునందు జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ రెండు ధ్రువములు గల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానికి మూడవ ధ్రువమును చేర్చెను. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో కాథోడు అను భాగము ఎఱ్ఱగా కాగి ఎలక్ట్రానులను వెలువరించును. ఎదుటనున్న ప్లేటుకు రెండు మూడు వందల వోల్టుల ధనవిద్యుత్తు నిచ్చినచో ఆ ఎలక్ట్రానులు దానివైపు పరుగెత్తును. నడుమ గ్రిడ్డు అను సన్నని తీగల దడి యుండును. చెరువు తూమునకు అమర్చిన తలుపును ఒక్క మనిషి కదల్చి కాలువనిండ పారు నీటిని అదుపుచేయును గదా! అట్లే గ్రిడ్డునకు చేరిన స్వల్పవిద్యుత్తు ఆ పెద్ద ప్రవాహమును హెచ్చుతగ్గులు గావించును. మన తాతలనాటి రేడియోల వెనుక నిప్పుకణికలవలె వెలుగుచుండినవి ఇట్టి వాల్వులే. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు ట్రాన్సిస్టరు పుట్టిన పిమ్మట రేడియోలనుండి వాల్వులు క్రమముగా తొలగిపోయెను. గిటారు ధ్వనివర్ధకములలో మాత్రము అవి నేటికిని నిలిచియున్నవి.

ఇక ధ్వనిభేదమునకు గల కారణములను విచారింతము. మొదటి కారణము పేరులోనే యున్నది. లియో ఫెండరు 1909లో జన్మించెను. కాలిఫోర్నియా రాష్ట్రములోని ఫుల్లర్టన్ పట్టణమున 1938లో రేడియోలు బాగుచేయు దుకాణము తెరచెను. 1946లో తన పేరుతో విద్యుద్వాద్యముల సంస్థను స్థాపించెను. చేసినదానితో తృప్తిపడక, వాద్యకారుల మాటలు విని, తన పరికరములను పదేపదే సవరించుట ఆయనకు అలవాటు. అందుచేత డీలక్స్ అను పేరు మారకున్నను లోపలి పటము మారుచునే యుండెను. ఆ పటములకు 5సి3, 5డి3, 5ఇ3 అని గుర్తులు గలవు. మొదటనున్న 5 అంకె 1950ల దశాబ్దమును, చివరనున్న 3 అంకె డీలక్స్ నమూనాను, నడిమి అక్షరము సవరణ క్రమమును తెలుపును. వీనిలో 5ఇ3 అను పటము 1955 నుండి 1960 వరకు వాడుకలో నుండెను. కావున 1953 నాటి డీలక్స్, 1959 నాటి డీలక్స్ ఒకే యింటిపేరు గల అన్నదమ్ములవంటివి. ఇంటిపేరు ఒకటియైనంత మాత్రమున గొంతు ఒకటి కానక్కరలేదు.

సరే, రెండును 5ఇ3 పటము ననుసరించినవే యనుకొందము. అప్పుడును భేదము వినవచ్చుచునే యున్నది. దీనికి రెండవ కారణము భాగముల కొలతలు. నిరోధకము విద్యుత్ప్రవాహమునకు అడ్డుపడి దానిని కావలసినంతకు తగ్గించు భాగము. ఆ కాలపు నిరోధకములను బొగ్గుపొడిని బంకవంటి పదార్థముతో కలిపి చిన్న కడ్డీలుగా చేసెడివారు. వాని విలువను రంగుల పట్టీలతో సూచించెడివారు. చివరి పట్టీ బంగారు వన్నెదైనచో చెప్పిన విలువకు 5 శాతము, వెండి వన్నెదైనచో 10 శాతము, అట్టి పట్టీయే లేకున్నచో 20 శాతము తేడా యుండవచ్చునని అర్థము. లక్ష ఓములని గుర్తించిన వెండిపట్టీ నిరోధకము నిజముగా 90,000 ఓములైనను, 1,10,000 ఓములైనను తయారుచేసినవారి తప్పు కాదు. ధ్వనిని హెచ్చించి తగ్గించు మరలలో నుండు నిరోధకములకు 20 శాతము తేడా సామాన్యము. పది లక్షల ఓములనినది ఎనిమిది లక్షలు కావచ్చును, పండ్రెండు లక్షలు కావచ్చును. విద్యుత్తును నిలువచేయు కండెన్సర్లలో కొన్నింటికి ఇంతకంటెను ఎక్కువ తేడాను అనుమతించెడివారు.

ఒక్కొక్క భాగము తన హద్దులోనే యున్నది. అన్నియు కలిసినపుడు ఏమగును? సంతలో ఇద్దరు వర్తకులున్నారనుకొనుడు. ఇద్దరి తూకపురాళ్లును కొద్దికొద్దిగా తప్పుగలవే. ఒకని రాళ్లలో కొన్ని బరువు హెచ్చు, కొన్ని తక్కువ. అందుచేత మొత్తము తూకము ఇంచుమించు సరిపోవును. రెండవవాని రాళ్లన్నియు తక్కువ బరువుగలవే. అందుచేత వాని తూకము బాగుగ తప్పును. ధ్వనివర్ధకములోని భాగముల తేడాలును ఇట్లే ఒక పెట్టెలో పరస్పరము సరిపుచ్చుకొనును. మరియొక పెట్టెలో ఒకే దిక్కునకు మొగ్గును.

ఈ భాగములను కూర్చిన చేతులును వేరువేరు. ఆనాటి ఫెండరు ధ్వనివర్ధకములను ఫుల్లర్టనులోని పనివారు, వారిలోను ముఖ్యముగా స్త్రీలు, చేతితోనే టంకము పెట్టి కూర్చెడివారు. అనేకమైన పెట్టెలలో ఒక చిన్న కాగితపు అంటుపట్టీపై ఆ పనిమనిషి పేరు వ్రాసియుండుట నేటికిని కానవచ్చును. ఒకరు తీగను అంగుళము ప్రక్కకు త్రిప్పుదురు, మరియొకరు సూటిగా లాగుదురు. ఎక్కువ వోల్టులు గల తీగకు గ్రిడ్డు తీగ చేరువైనచో ఒకదాని విద్యుత్తు రెండవదానిపై కొంత ప్రభావము చూపును. అది ధ్వనిలో సన్నని మార్పు తెచ్చును.

మూడవ కారణము వాల్వులు. డీలక్స్ పెట్టెలో 12ఎవై7, 12ఎఎక్స్7 అను చిన్న వాల్వులును, 6వి6 అను పెద్ద వాల్వులు రెండును, ప్రత్యావర్తిత విద్యుత్తును ఏకముఖముగా మార్చు 5వై3 అను వాల్వును ఉండును. 12ఎఎక్స్7 అను సంఖ్య గల వాల్వులను అమెరికాలో ఆర్.సి.ఎ., సిల్వేనియా, జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలును, ఇంగ్లండులోని మల్లార్డ్ సంస్థయు, జర్మనీలోని టెలిఫుంకెన్ సంస్థయు తయారుచేసినవి. ఐరోపాలో దానిపేరు ఇసిసి83. సంఖ్య సమానమైనను లోపలి కూర్పు ఒక్కటి కాదు. గ్రిడ్డునకును కాథోడునకును నడుమనున్న ఎడము మిల్లిమీటరులో కొద్ది భాగము మాత్రమే. ఆ ఎడములో కంటికి కానరాని మార్పు కలిగినను ప్రవాహము మారును. ఒకే సంస్థవారు ఒకేనాడు చేసిన రెండు వాల్వులును పరీక్షించినచో ఒకే అంకెను చూపవు. నేడు రష్యా, చైనా, స్లొవేకియా దేశములలో చేయుచున్న వాల్వుల విషయమును ఇంతియే.

నాలుగవ కారణము ట్రాన్స్‌ఫార్మరులును స్పీకరును. వాల్వులు పెంచిన విద్యుత్తును స్పీకరునకు తగినట్లు మార్చునది ట్రాన్స్‌ఫార్మరు. పలుచని ఇనుపరేకుల దొంతరపై రాగితీగను వేలకొలది చుట్లు చుట్టి దానిని చేయుదురు. రేకుల రకము, వాని దొంతర యెత్తు, చుట్టు బిగువు మారినచో మంద్రస్వరములలో నిండుదనము మారును. ఇక స్పీకరు! మనుష్యునకు కంఠమెట్టిదో ధ్వనివర్ధకమునకు స్పీకరు అట్టిది. డీలక్స్ పెట్టెలో చికాగో నగరపు జెన్సెన్ సంస్థవారి 12 అంగుళముల స్పీకరును అమర్చెడివారు. కాగితపు గుజ్జుతో చేసిన గరాటువంటి భాగము ముందువెనుకలకు కంపించి గాలిని కదలించును. గుజ్జు చిక్కదనము, ఎండిన తీరు, జిగురు పరిమాణము ఇవన్నియు నాదమును మార్చును. 1960లలో ఫెండరు సంస్థ ఒకే నమూనా పెట్టెలకు అప్పుడు దొరికిన దానినిబట్టి జెన్సెన్, ఆక్స్‌ఫర్డ్, యూటా మొదలగు వేరు వేరు సంస్థల స్పీకరులను వాడెను. స్పీకరుపై ముద్రించిన అంకెలనుబట్టి దాని చరిత్రను కొంతవరకు తెలిసికొనవచ్చును. 220 అను అంకె జెన్సెన్ సంస్థను, దాని తరువాతి అంకెలు తయారైన సంవత్సరమును, వారమును తెలుపును. ఒకే నమూనాకు చెందిన రెండు పెట్టెలు పూర్తిగా వేరుగా పలికినచో ఎఱిగినవారు మొదట అనుమానించునది స్పీకరునే.

ఇంతవరకు చెప్పినవి పుట్టుకతో వచ్చిన భేదములు. వయస్సుతో వచ్చునవి మరికొన్ని గలవు. బొగ్గు నిరోధకములు తేమను పీల్చి, వేడికి కాగి, ఏండ్లు గడచినకొలది తమ విలువను సామాన్యముగా పెంచుకొనును. విద్యుత్తులోని ఒడుదుడుకులను సరిచేయు పెద్ద కండెన్సర్లలో తడి పదార్థముండును. అది క్రమముగా ఎండిపోవును. అప్పుడు ధ్వనియందు గుయ్యిమను రొద బయలుదేరును, మంద్రస్వరములు పట్టుదప్పును. ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు సంగీతమును మాత్రము పంపి, ఏకముఖ విద్యుత్తును ఆపవలసిన చిన్న కండెన్సర్లు పాతబడి కారిపోవుటయు కలదు. అప్పుడు తరువాతి వాల్వు అవసరమునకు మించి కాగిపోవును. స్పీకరు కాగితము పదేపదే కదలి మెత్తబడును. అయస్కాంతము, కొయ్యపెట్టె, జిగురు అన్నియు వయస్సును చూపును. పొడిగాలి గల ఎడారిపట్టణములో దాచిన పెట్టె వేరు. సముద్రపు తేమలో, కచేరీశాలల పొగలో రాత్రులు గడిపిన పెట్టె వేరు. కవల పిల్లలైనను వేరు వేరు ఊళ్లలో పెరిగినచో వారి మాటతీరు మారును గదా!

ఇంటి గోడనుండి వచ్చు విద్యుత్తు కూడ ఒక కారణమే. 1950లలో ఈ పెట్టెలను చేసినవారు అమెరికా ఇండ్లలో సుమారు 110 మొదలు 117 వోల్టుల విద్యుత్తు వచ్చునని లెక్కించిరి. నేడు అక్కడ నియమిత విలువ 120 వోల్టులు. కొన్నిచోట్ల అంతకు కొంచెము మించియు నుండును. గోడలోని విద్యుత్తు 5 శాతము హెచ్చినచో లోపలి వోల్టులన్నియు దాదాపుగా అదే పాళ్లలో హెచ్చును. 350 వోల్టులుండవలసినచోట 367 వోల్టులుండును. 6.3 వోల్టులతో కాగవలసిన వాల్వు తీగ 6.6 వోల్టులతో కాగును. కావున ఒకే పెట్టె రెండు ఊళ్లలో, లేక ఒకే ఊరిలో ఉదయమొక రీతిగను రాత్రియొక రీతిగను పలికినను వింత లేదు.

మరమ్మతుల చరిత్ర అన్నింటికంటె చిక్కైనది. అరువది ఏండ్ల పెట్టె ఎందరి చేతులలోనో పడియుండును. ఒకడు కాలిన నిరోధకమునకు బదులు చేతికందినదానిని అతికించును. మరియొకడు చిరిగిన స్పీకరు కాగితమును మార్చును. నీల్ యంగ్ పెట్టె విషయమే చూడుడు. దానిలో 6వి6 వాల్వులకు బదులు అంతకంటె పెద్దవైన 6ఎల్6 వాల్వులను వాడుచున్నారని దానిని చూచినవారు తెలిపియున్నారు. పేరు పలకపై ‘డీలక్స్’ అనియే యున్నది. లోపల మాత్రము పటములో లేని వాల్వులు పనిచేయుచున్నవి. దానితో పోల్చదలచి కొన్న ఇతర పెట్టెలు తమ పటమును సరిగా అనుసరించుటయే వాని లోపమైనదని చెప్పవలసియుండును!

పటము ఒకటియై భాగములు మారినచో ఎంత దూరము పోవచ్చునో చూపుటకు మరియొక ఉదాహరణము గలదు. ఫెండరు సంస్థవారి ‘బాస్‌మన్’ అను ధ్వనివర్ధకమునకు 5ఎఫ్6-ఎ అను పటము ప్రసిద్ధము. లండనులో తాళవాద్యములు అమ్ము దుకాణమును నడుపుచుండిన జిమ్ మార్షల్, 1962లో తన సహచరులతో కలిసి, దాదాపుగా ఆ పటమునే అనుసరించి ఒక ధ్వనివర్ధకమును చేయించెను. దానికి జెటిఎం45 అని పేరు. కాని ఇంగ్లండులో దొరికిన ట్రాన్స్‌ఫార్మరులు వేరు. మొదటి మెట్టులో 12ఎవై7 వాల్వునకు బదులు, రెండింతలకు మించిన వర్ధనశక్తి గల ఇసిసి83 వాల్వును పెట్టిరి. వెనుక తెరచియున్న పెట్టెలోని నాలుగు 10 అంగుళముల జెన్సెన్ స్పీకరులకు బదులు, అన్నివైపుల మూసిన పెట్టెలో నాలుగు 12 అంగుళముల సెలెస్టియన్ స్పీకరులను అమర్చిరి. ఫలితముగా పుట్టిన ధ్వని బాస్‌మన్ ధ్వని కాదు. దానిని జనులు ‘మార్షల్ ధ్వని’ అని వేరుగా పిలువసాగిరి. పటము నకలైనను గొంతు నకలు కాలేదు.

ఇక్కడ తెలివిగల విద్యార్థికి ఒక సందేహము కలుగవలెను. రేడియోలోను, టెలిఫోనులోను ఇట్టి వాల్వులే, ఇట్టి నిరోధకములే గదా వాడినది? అక్కడ ఈ భేదము లెవ్వరికిని ఎందుకు వినబడలేదు?

నిజమునకు ఈ బాధను మొదట అనుభవించినవారు టెలిఫోను శాస్త్రజ్ఞులే. వేలమైళ్ల దూరము మాటను పంపుటకు దారిలో ఒకదాని తరువాత నొకటిగా పెక్కు ధ్వనివర్ధకములను ఉంచవలసియుండెను. ఒక్కొక్కటి కొద్దిగా మాటను వికృతము చేసినచో చివరకు అర్థమే చెడిపోవును. బెల్ ప్రయోగశాలలలో పనిచేయు హెరాల్డ్ బ్లాక్ అను ఇంజనీరు దీనికై ఏండ్ల తరబడి ఆలోచించెను. 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయమున ఆయన పడవపై హడ్సన్ నదిని దాటి పనికి పోవుచుండగా ఒక ఊహ తోచెను. చేతిలోనున్న న్యూయార్క్ టైమ్స్ పత్రిక పుటపైననే దానిని గీసికొనెను. పెంచిన విద్యుత్తులో కొంత భాగమును తలక్రిందులు చేసి మరల మొదటికి పంపినచో ధ్వనివర్ధకము తన తప్పును తానే దిద్దుకొనును. వర్ధనశక్తి కొంత తగ్గును. కాని భాగముల తేడాలును, వాల్వుల ముసలితనమును ఫలితమును అంతగా మార్చజాలవు. దీనిని ఋణ పునర్నివేశమందురు. తరువాత వచ్చిన మేలైన ధ్వనివర్ధకములన్నియు దాదాపుగా ఈ ఉపాయమును ఆశ్రయించినవే.

డీలక్స్ 5ఇ3 పటములో ఈ ఉపాయము లేదు! విద్యార్థి వ్రాసినదానిని గురువు దిద్దినచో తరగతిలోని వ్రాతలన్నియు ఇంచుమించు ఒకే తీరున నుండును. దిద్దువారు లేనిచో ఎవరి వ్రాత వారిదే. 5ఇ3 పెట్టె దిద్దువారు లేని వ్రాతవంటిది. ప్రతి నిరోధకపు తేడాయు, ప్రతి వాల్వు గుణమును అడ్డులేక స్పీకరు వరకు పోవును. బాస్‌మన్ వంటి పెద్ద నమూనాలలో ఈ దిద్దుబాటు కొంత గలదు. కాని ధ్వనిని మిక్కిలి హెచ్చించినపుడు అదియు చేతులెత్తివేయును.

ధ్వనిని హెచ్చించుటయే ఇందులో కీలకము. రేడియోను చేసినవారు వాల్వులను వాని శక్తికి లోబడియే పనిచేయించిరి. గిటారు వాద్యకారులు అట్లు చేయరు. వారు కోరి ఆ హద్దును దాటుదురు. వాల్వు తన శక్తికి మించిన తరంగమును మోయలేక దాని శిఖరమును కోసివేయును. కోసిన తరంగములో మూలస్వరముతో పాటు దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు కంపనసంఖ్య గల అనుస్వరములు క్రొత్తగా పుట్టును. ధ్వని గరగరలాడుచు, ఉద్రేకము నిండిన కంఠమువలె వినబడును. ఈ కోత ఏ ఘట్టమున ఆరంభమగునో, నున్నగా సాగునో కటువుగా సాగునో, అదంతయు ప్లేటు వోల్టులపైనను, కాథోడు నిరోధకముపైనను, రెండు పెద్ద వాల్వుల సామ్యముపైనను, ట్రాన్స్‌ఫార్మరుపైనను ఆధారపడియుండును. మెల్లగా వాయించినపుడు రెండు డీలక్స్ పెట్టెలు అక్కచెల్లెండ్రవలె పలుకును. గట్టిగా వాయించినపుడే వాని స్వభావములు బయటపడును. నిండుకుండను కొద్దిగా వంచినను నీరు తొణకునట్లు, హద్దుదగ్గర నున్నపుడు స్వల్పకారణము గొప్ప ఫలితము నిచ్చును.

అయితే చెవికి తోచినదంతయు నిజమని నమ్మరాదు. రెండు పెట్టెలలో ఒకటి కొంచెము బిగ్గరగా పలికినచో అదియే మధురమని చెవికి తోచును. గదిమూలలో నుంచిన పెట్టె మంద్రముగను, గది నడుమ నుంచినది పలుచగను వినబడును. ‘ఇది మిక్కిలి పాతది, మిక్కిలి వెలగలది’ అని ముందుగా చెప్పినచో వినువారి మనస్సు ఆ వైపే మొగ్గును. ఈ బలహీనతను ఆసరాగా గొని సామాన్యమైన పాత భాగములకు విపరీతమైన వెల కట్టి అమ్మువారును కలరు. కావున నిజము తెలియగోరువారు కొన్ని నియమములు పాటింపవలెను. రెండు పెట్టెలను ఒకే చోట, ఒకే యెత్తున నుంచవలెను. ఒకే గిటారును, ఒకే తీగను వాడవలెను. బిగ్గరతనమును కొలిచి సమానము చేయవలెను. నడుమ తెర కట్టి, ఏది పలుకుచున్నదో వినువారికి తెలియకుండ మరియొకరు మార్చుచుండవలెను. అభిప్రాయములను కాగితముపై వ్రాసికొన్న పిమ్మటనే తెర తీయవలెను.

భేదము నిజమని తేలినచో కారణమును ఒక్కొక్కటిగా వెదకవలెను. మొదట రెండింటి స్పీకరులను తారుమారు చేసి వినవలెను. భేదము స్పీకరుతో పాటు అటునుండి ఇటు వచ్చినచో కారణము దొరికినట్లే. రానిచో వాల్వులను ఒక జతతో నొక జత మార్చి చూడవలెను. అప్పటికిని తెలియనిచో వోల్టులను, నిరోధకములను మీటరుతో కొలిచి పటముతో పోల్చవలెను. ఒకేసారి పది భాగములు మార్చినవాడు ధ్వనిని మార్చగలడు. కారణమును మాత్రము ఎన్నడును తెలిసికొనజాలడు.

పని తెలిసినవానికి అసలైన ధర్మసంకటము ఇక్కడనే ఎదురగును. పెట్టెయొక్క ప్రియమైన గొంతు కొంతవరకు పాతబడిన భాగములవలననే వచ్చుచున్నది. అన్నింటిని క్రొత్తవానితో మార్చినచో పెట్టె ఆరోగ్యముగా నుండును, గొంతు పోవచ్చును. ఏమియు మార్చకున్నచో గొంతు నిలుచును. కాని ఎండిపోయిన కండెన్సరు ఒకనాడు చెడి, తిరిగి దొరకని ట్రాన్స్‌ఫార్మరును దహింపవచ్చును. అందుచేత వివేకము గల పనివాడు అపాయము తేగల పెద్ద కండెన్సర్లను, కారుచున్న చిన్న కండెన్సర్లను తప్పక మార్చును. విలువ కొంత పెరిగినను సురక్షితముగా పనిచేయుచున్న నిరోధకముల జోలికి పోడు. మార్చిన ప్రతి భాగమును ఒక సంచిలో నుంచి సొంతదారునకు తిరిగి యిచ్చును. ఇట్టి పెట్టెలో విద్యుత్తు ఆపిన పిమ్మటను కండెన్సర్లలో ప్రాణము తీయగల వోల్టులు నిలిచియుండును. కావున శిక్షణ పొందనివారు, ముఖ్యముగా పిల్లలు, దానిని విప్పుట ఎంతమాత్రము తగదు.

నీల్ యంగ్ పెట్టెకు సమానమైన పెట్టె యెందుకు దొరకలేదో ఇప్పుడు ఊహింపవచ్చును. దానికి ఒక్క కారణము లేదు. మార్చిన వాల్వులు, దాని స్పీకరు, తమ హద్దులలోనే అటునిటు మొగ్గిన నిరోధకములు, కూర్చిన చేతులు, గడచిన ఏండ్లు అన్నియు కలిసి ఆ గొంతును చేసినవి. వీనిలో ప్రతియొక్కదానిని కొలువవచ్చును, కారణము చెప్పవచ్చును. కాని ఈ కొలతలన్నియు కర్మాగారపు పటములో లేవు. పటము ‘లక్ష ఓములు’ అని మాత్రమే చెప్పును. పెట్టెలోనున్నది తొంబదిమూడువేలో, లక్షయెనిమిదివేలో, అది ఆ పెట్టెను కొలిచినవానికి మాత్రమే తెలియును. కావున ఒక వస్తువును గూర్చి నిశ్చయముగా మాటాడదలచినవారు దాని పేరును చదివి ఊరకుండక, ఆ వస్తువునే విని, చూచి, కొలువవలెను.